లచ్చవ్వ దిగని స్టాపు

మా ఊళ్లో సెలవు పెట్టినవాళ్లు తిరుపతి వెళ్తారు, షిర్డీ వెళ్తారు, కాస్త కలిగినవాళ్లయితే కాశీ వెళ్తారు. నేను హయత్‌నగర్ వెళ్లాను. పెడన హైస్కూలు ఆఫీసులో ఇరవై ఆరేళ్లు గుమాస్తాగిరీ చేసి, మొదటిసారి వరసగా నాలుగు రోజులు సెలవడిగితే, అక్కడ చూడ్డానికి ఏముందమ్మా అన్నారు హెడ్మాస్టరుగారు. బస్టాపుందండీ అన్నాను. ఆయన సంతకం పెట్టారు గానీ ఆ రోజంతా స్టాఫ్‌రూములో నా మీద ఒకటే నవ్వులు.

విషయం ఇది. నాకు పదేళ్లప్పుడు ఒక పిల్లల మాసపత్రికలో ‘లచ్చవ్వ బస్సు’ అనే బొమ్మల కథ వచ్చేది. రాసింది జంగయ్యగారు. హయత్‌నగర్‌లో లచ్చవ్వ అనే ఆడమనిషి, పట్నంలో దవాఖానలో పడున్న మొగుడికి ఇత్తడి గిన్నెలో అన్నం కట్టుకుని బస్సెక్కుతుంది. నెలకో స్టాపు, స్టాపుకో అడ్డంకి. ఒకచోట టైరు పోతుంది, ఒకచోట ఊరేగింపు అడ్డం వస్తుంది, ఒకచోట కాన్పు నొప్పులొచ్చిన మనిషికి సీటిచ్చి గిన్నె నెత్తిన పెట్టుకుని నిలబడుతుంది. పదకొండో నెల మూసారాంబాగ్ దగ్గర, మూసీ పొంగిందని డ్రైవరు ఇంజను ఆపేశాడు. కింద ‘ఆఖరి భాగం వచ్చే నెల’ అని వేశారు. వచ్చే నెల పత్రికే రాలేదు. మూతపడింది.

అప్పుడే మా నాన్న బందరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. అమ్మా నేనూ రోజూ క్యారేజీ పట్టుకుని పెడన నుంచి బస్సులో వెళ్లేవాళ్లం. పదేళ్ల పిల్లకి ఏం బుద్ధి ఉంటుంది? లచ్చవ్వ అన్నం చేరితే నాన్న ఇంటికొస్తాడని నాలో నేనే ఒక ఒప్పందం పెట్టేసుకున్నాను. పత్రిక రాలేదు. నాన్నా రాలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ ఆఖరి భాగం కోసం నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. లచ్చవ్వ చేరిందో లేదో కనుక్కుందామని, జంగయ్యగారు ఉన్నారో లేదో కూడా తెలియకుండానే బయల్దేరాను. నా దగ్గరున్నదల్లా కత్తిరించి సూదీ దారంతో కుట్టుకున్న ఆ పదకొండు భాగాలు.

హయత్‌నగర్

విజయవాడ బస్సు తెల్లారేసరికి హయత్‌నగర్‌లో దించేసింది. కథలో ఇక్కడ ఒక రాతి అరుగు, సీతాఫలాల బుట్ట పెట్టుకున్న ముసలమ్మ, వెనక జొన్నచేను ఉంటాయి. నేను దిగినచోట మాత్రం నాలుగు బట్టల కొట్లు, రెండు బంగారం కొట్లు, రోడ్డు దాటాలంటే వణుకు పుట్టించే లారీలు ఉన్నాయి. మారిపోయి ఉంటుందని తెలియకేం. అయినా ఆ అరుగు కోసం అటూ ఇటూ రెండుసార్లు నడిచాను.

ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే గొడవే, ఇక్కడ పల్లీ చట్నీ ఇడ్లీ మునిగేదాకా పోస్తారు. బండి నడిపే ఆమె నాకన్నా పెద్దది. నా వాలకం చూసి ఎవరికోసం వెతుకుతున్నావని అడిగింది. లచ్చవ్వ అని ఒకామె ఇక్కడే బస్సెక్కేది అన్నాను. ఏ లచ్చవ్వ, పాలోళ్ల లచ్చవ్వనా, కూరగాయల లచ్చవ్వనా అని ఆరా తీసింది. దవాఖానకి అన్నం తీసుకెళ్లే లచ్చవ్వ అన్నాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“అందరు లచ్చవ్వలు అన్నం పట్టుకొని పోయినోళ్లే కదమ్మా దవాఖానకు” అంది.

కథ చదివిన రోజుల్లో ఈ యాస మాకు వింతగా ఉండేది. అచ్చులో అలాంటి మాట అంతకుముందు నేను చూడలేదు. ‘జర జరుగు’ అని లచ్చవ్వ అంటే, మా క్లాసు పిల్లలంతా బెంచీల మీద అదే అనుకుంటూ తోసుకునేవాళ్లం. మాష్టారు బెత్తం తీసుకునేదాకా అదే పని.

సిటీ బస్సెక్కాను. ఆడవాళ్లకి ఉచితం కదా అని ధీమాగా ఆధార్ కార్డు తీసి చూపించాను. కండక్టరమ్మ చూసి, పెడననా, అది ఆంధ్రల ఉన్నది, మీకు టికెట్ పడ్తది అని చించి చేతిలో పెట్టింది. పక్క సీట్లో ఇద్దరు ముసిముసిగా నవ్వారు. ఈ రోజుల్లో అయితే లచ్చవ్వకి టికెట్టు లేదు, నాకుంది.

ఎల్బీనగర్

ఎల్బీనగర్‌లో రోడ్డు మీద రోడ్డు, దాని మీద రైలు, కింద మళ్లీ సొరంగం. అవతలి వైపు టీ కొట్టు కనిపిస్తూనే ఉంది, చేరడానికి మాత్రం మెట్రో మెట్లెక్కి దిగి ఇరవై నిమిషాలు పట్టింది. టీ బాగుంది. బిస్కెట్టు ముంచుకుని తినాలని పక్కనున్నాయన చూపించాడు. ముంచాను, సగం కప్పులోనే పడిపోయింది.

ఈ స్టాపు కథలో నాలుగో భాగం. లచ్చవ్వని కండక్టరు గిన్నె కిందపెట్టమని అరుస్తాడు. ఆమె ఏడుస్తుంది. తర్వాతి గడిలో ఒక తలనూనె సీసా బొమ్మ ఉంటుంది. ఆ తర్వాతి గడిలో కండక్టరు తల దించుకుని ఉంటాడు. ఆ సీసా ఏమిటో మాకు అంతుపట్టలేదు. లచ్చవ్వ మొగుడికి తలంటు నూనె కూడా తీసుకెళ్తోందని, కండక్టరుకి అది చూసి జాలేసిందని మా బెంచీ అంతా తీర్మానించింది. తర్వాత నాన్న ఆసుపత్రిలో పడ్డప్పుడు అది గుర్తొచ్చి, ఆయనకి కూడా ఒక చిన్న సీసా కొనిపించాను. అమ్మ ఎందుకే అంటే చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్

ఒంటరి ఆడదానికి లాడ్జి కన్నా ఇదే మేలని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఒక మంచం రోజు కిరాయికి తీసుకున్నాను. కోచింగుల వీధి అది. గోడ మీద ఖాళీ జాగా ఉంటే ర్యాంకు వచ్చిన పిల్లల ఫోటోలే. గదిలో నల్గొండ అమ్మాయి ఒకతె, చెవిలో వేళ్లు పెట్టుకుని చదువుతూ, నన్ను చూసి ఆంటీ మీరు ఏ ఎగ్జామ్ రాస్తున్రు అంది. రాయడం లేదమ్మా, నలభై ఏళ్ల కింద చదివిన పాఠంలో ఆఖరి పేజీ దొరకలేదు, దానికోసం వచ్చాను అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి మళ్లీ చెవుల్లో వేళ్లు పెట్టుకుంది.

మర్నాడు కిందనున్న జిరాక్సు కొట్లో నా పదకొండు భాగాలకీ నకలు తీయించుకున్నాను. కాగితాలు తిరగేస్తున్న కొట్టతను ప్రతి భాగం చివరా సన్నటి అక్షరాలు చూపించి, ఇదేందక్కా అన్నాడు. ‘బొమ్మలు: సలీం, కొత్తపేట’ అని ఉంది. ఇన్నేళ్లూ నా కళ్లు రచయిత పేరు దగ్గరే ఆగిపోయాయి. సైన్‌బోర్డులు రాసేవాళ్లంతా ఇప్పుడు ఫ్లెక్సీల పనిలోకి మారారు, కొత్తపేటలో అడగండి అని అతనే చెప్పాడు.

కొత్తపేట

కథలో కొత్తపేట అంటే మామిడిపళ్ల బళ్లు. లచ్చవ్వ ఒక పండు కొనాలని చూసి కొనకుండా ఎక్కేస్తుంది. ఇప్పుడు పళ్ల మార్కెట్టే ఊరి బయటికి తరలిపోయిందట. మూడో ఫ్లెక్సీ కొట్లో సలీం భాయ్ దొరికారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల గడ్డం, చేతికి ఇంకా రంగు. నా కుట్టు పుస్తకం చేతిలో పెడితే కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. లోపల మిషను ఎవరిదో పుట్టినరోజు బ్యానరు బరబరా కక్కుతోంది. ఆయన దాన్ని ఆపించారు.

జంగయ్యగారి సంగతంతా ఆయనే చెప్పారు. మొదటి కథ ‘కుంటెద్దు’. ఒక్క మాట ఉండదు. ప్రతి గడీ కూలబడ్డ కుంటి ఎద్దు కళ్ల ఎత్తు నుంచే, మనుషులు మోకాళ్ల దాకానే కనిపిస్తారు. ఎవరు మంచివాళ్లో ఎవరు కాదో కాళ్లను చూసి తెలుసుకోవాలి. రెండోది ‘కిరాయి ఇల్లు’. పేజీ నిండా ఒక ఇల్లు, గదికో నిలువు వరస గడులు. అడ్డంగా చదివితే ఆ ఇంట్లో ఒక్క రోజు, నిలువుగా చదివితే ఒక గదిలో ఏడాది. పిల్లలు ఎటైనా చదవొచ్చు, కథ తెగదు. అలాంటి కథ తెలుగులో ఇంకెవరైనా చేశారో లేదో నాకు తెలియదు. నేను చూడలేదు. మూడోది లచ్చవ్వ. ఇక నాలుగోది లేదు.

“జంగన్న కాయితం ఇట్ల మడతపెట్టి ఆరు గడులు చేస్తుండె. గడిల మాట రాస్తుండె, చేతుల ఏమున్నదో రాస్తుండె. మొకం ఎట్లుండాల్నో ఎన్నడు చెప్పలే. చేతుల ఏమున్నదో తెలిస్తే మొకం అదే ఒస్తది సలీం అంటుండె” అన్నారాయన.

నూనె సీసా గురించి అడిగితే ముందు పడిపడి నవ్వారు, తర్వాత నవ్వు మానేశారు. ఆ గడిని జంగయ్యగారు కావాలని ఖాళీగా వదిలారట. లచ్చవ్వ కండక్టరుతో ఏమందో ఎవరికి తోచింది వాళ్లు అనుకోవాలని. ప్రెస్సువాళ్లు బొమ్మ అచ్చు వేసే బ్లాకు రాలేదనుకుని, చేతికందిన నూనె ప్రకటన తెచ్చి అక్కడ అతికించేశారు. ఆ నూనె ఎక్కడ దొరుకుతుందని పత్రికకి ఉత్తరాలొచ్చాయట. ఆ రోజు జంగయ్యగారు ప్రెస్సు గుమ్మంలో సాయంత్రం దాకా కూర్చుండిపోయారట. మా బెంచీ తీర్మానం గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. నాన్న తలకి రాసిన ఆ నూనె వాసన కూడా గుర్తొచ్చింది.

జంగయ్యగారు బతికే ఉన్నారా అని అడగడానికి నాకు చాలాసేపు ధైర్యం చాలలేదు. సలీం భాయ్ నేను అడక్కుండానే ఒక కాగితం మీద చంపాపేట్ దారి బొమ్మ గీసిచ్చారు. మలుపు దగ్గర గుర్తుకోసం ఒక కుంటెద్దుని కూడా వేశారు.

చంపాపేట్

జంగయ్యగారివాళ్లు ఇక్కడి పాత ఊరి రైతులు. పొలాలు ప్లాట్లయ్యాయి, అన్నదమ్ములు భూముల వ్యాపారంలో దిగారు. ఈయన మాత్రం ఒక రెండంతస్తుల ఇల్లుంచుకుని పై వాటా కిరాయికిచ్చారు. గేటు దగ్గర నాకు మొదట ఎదురైంది ఆ పై వాటా ఆమె, తెనాలి మనిషి. మీది కృష్ణా జిల్లానా, కూర్చోండి కూర్చోండి అని కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నేను చెప్పింది విని ఆశ్చర్యపోయింది. ఈయన కథలు రాశారా? ఏడేళ్ల నుంచి ఉంటున్నామండీ, మోటారు వేశారా, మోటారు ఆపారా అనడం తప్ప ఇంకో మాట వినలేదు అంది.

ఆయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా, పంచె పైకి కట్టుకుని. నా పుస్తకం అందుకుని ఒక్కో పేజీ వేలితో తడిమి చూశారు. ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్లొచ్చి ఆయన దగ్గరున్న కాగితాలన్నీ పోయాయట. నకలు ఇస్తే వెనక్కి తిప్పి ఖాళీ వైపు చూసి, తెల్ల కాయితం మంచిగున్నది అన్నారు.

నేను ఇక ఆగలేకపోయాను. ఆఖరి భాగంలో ఏమైందండీ, చేరిందా అన్నాను.

“రాయలే బిడ్డా” అన్నారు. “నేను బస్సెక్కితేనే రాస్తుంటి. నెలకోపారి ఎక్కుడు, ఆ స్టాపు దాకా పోవుడు, సీట్ల కూసోని రాసుడు. ముందుగాల ఏమైతదో నాకు సుత తెల్వకపోతుండె. పత్రిక బందైంది. నేను ఎక్కలే.”

నలభై ఏళ్లు. ఎక్కడో ఒక బీరువాలోనో, ఒక ప్రెస్సు అటక మీదో ఆ ఆఖరి భాగం ఉందని నమ్మి బతికాను నేను. అది ఎక్కడా లేదు. ఆయన తలలో కూడా లేదు. పెద్దమనిషి ముందు ఏడవకూడదని కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాటగా చెప్పండి చాలు, చేరిందని అబద్ధమైనా చెప్పండి అన్నాను. ఆయన చెప్పలేదు. నీకెందుకు అంత పట్టింపు అని అడిగారు.

అప్పుడు ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను. ఆ ఆఖరి రోజు మేము క్యారేజీ పట్టుకుని వార్డులోకి వెళ్లేసరికి నాన్న మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా తీసేశారు. నర్సు అమ్మని పక్కకి పిలిచి చెప్పింది. అమ్మ గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి క్యారేజీ విప్పి, పక్క మంచం మీద ఉన్న ఎవరో మనిషికి నాన్న అన్నం పెట్టేసింది. నేను చూస్తుండగానే ఆయన తిన్నాడు. నాన్నకోసం మేము రెండు బస్సులు మారి తెచ్చిన అన్నం. ఆ రోజు నుంచి అమ్మ మీద నాకు ఒక కోపం ఉండిపోయింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఏ లోటూ చెయ్యను, కానీ ఆ కోపం పోలేదు. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

జంగయ్యగారు లేచారు. లోపలికెళ్లి చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చారు. మోటారు ఆపమని పై వాటా ఆమెకి చెప్పి, పద అన్నారు.

మూసారాంబాగ్ దాటి

దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటో, అక్కడి నుంచి కోఠి బస్సు. ఆయన వచ్చి నా పక్కన కూర్చుంటే ఒకామె, తాతా అది ఆడోళ్ల సీటు అంది. కొంచెం సేపు ఆడోళ్ల పనే చేస్త బిడ్డా, దవాఖానకు అన్నం తీస్కపోవాలె అన్నారు. ఆమెకి అర్థం కాలేదు గానీ ఊరుకుంది. నకలు కాగితం ఒకటి తీసి, తెల్ల వైపు పైకి తిప్పి, సగానికి మడిచి, మళ్లీ మూడు మడతలు పెట్టి విప్పారు. ఆరు గడులు పడ్డాయి. మూసారాంబాగ్ స్టాపు వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. అడ్డమేమీ లేదు. ఏ స్టాపులో ఆ బస్సు ఇన్నేళ్లు నా మనసులో ఆగిపోయి ఉందో, అక్కడ ఈ బస్సు అర నిమిషం కూడా ఆగలేదు.

బస్సు కదలగానే ఆయన రాయడం మొదలుపెట్టారు. మలక్‌పేట దాటి చాదర్‌ఘాట్ వంతెన మీద, సన్నగా పారుతున్న మూసీ వైపు ఒక్కసారి చూసి మళ్లీ వంగారు. కుదుపులకి అక్షరాలు వంకర పోతున్నా ఆపలేదు. వంతెన దాటాక కాగితం నా చేతికిచ్చారు.

మొదటి గడి: లచ్చవ్వ బస్సు దిగింది. చేతుల గిన్నె. రెండు: వంతెన మీద మోకాలిదాక నీళ్లు. గిన్నె నెత్తి మీద. మూడు: దవాఖాన గేటు. చేతుల చీటి. నాలుగు: ఖాళీ మంచం. చేతుల గిన్నె. అయిదో గడిలో ఏమీ లేదు, కింద మూలలో మాత్రం ‘ఈడ నూనె సీస ఎయ్యొద్దు’ అని ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆరు: పక్క మంచం ఆయన తింటున్నడు. లచ్చవ్వ చేతుల నీళ్ల గ్లాసు. ‘ఆయన చేతుల’ అని రాసి, ఆ తర్వాత జాగా వదిలారు.

“ఆయన చేతిల ముద్ద ఉన్నది. ఏం కూరతోని కలిపిండో నాకు తెల్వదు. అది తెల్వకుంట సలీం బొమ్మ ఎయ్యడు” అన్నారు. “మీ అమ్మను అడుగు.”

బస్సులోనే ఫోన్ చేశాను. అమ్మ ఎత్తగానే, తిన్నావా, ఎక్కడున్నావు అంది. నేను సరాసరి అడిగాను. నాన్న పోయిన రోజు క్యారేజీలో ఏం కూర పెట్టావమ్మా? తడుముకుంటుందేమో అనుకున్నాను. అమ్మ తడుముకోలేదు.

“బీరకాయ పప్పు. హడావుడిలో ఉప్పెయ్యడం మర్చిపోయానే. మీ నాన్నయితే గిన్నె అవతలికి నెట్టేసేవాడు. ఆ మనిషి ఒక్క మాటనలేదు, మొత్తం తినేశాడు. ఆయన దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదే పద్మా. నెల్లాళ్లు మీ నాన్న తింటుంటే అటు తిరిగి పడుకునేవాడు.”

ఇది నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాను. నువ్వెప్పుడడిగావు అంది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు.

జంగయ్యగారికి చెప్పాను. ఆయన వదిలిన జాగాలో బీరకాయ పప్పు అని రాశారు, కొంచెం ఆగి, ఉప్పు లేదు అని చేర్చారు. కోఠి వచ్చిందని కండక్టరు అరుస్తున్నాడు. అందరూ దిగిపోయారు. నేను సీట్లోనే కూర్చుని, పదేళ్లప్పుడు ఏడవని ఏడుపంతా నాన్న కోసం ఏడ్చాను. జంగయ్యగారు నేను లేచేదాకా దిగకుండా పక్కనే కూర్చున్నారు.